వీరయ్య విన్న చప్పుడు

మా వైపు మామిడికాయల వ్యాన్ బయల్దేరేముందు లోడు గట్టిగా కట్టారా అని ఎవరూ అడగరు. కట్టింది వీరయ్యేనా అని అడుగుతారు. అవునంటే డ్రైవరు మరో మాట లేకుండా తాళం తిప్పుతాడు. కాదంటే దిగి, చుట్టూ తిరిగి, తాళ్లన్నీ ఒకసారి లాగి చూసుకుని అప్పుడు ఎక్కుతాడు.

వీరయ్యది ముసునూరు. పొట్టి మనిషి, గట్టి మనిషి, అరవై దాటాయి. సీజన్‌లో పొద్దున ఒక తోట, మధ్యాహ్నం ఇంకో తోట. రెడ్డిగూడెం నుంచి, విస్సన్నపేట నుంచి కూడా అతని కోసం ముందుగా కబురు పెట్టుకుంటారు. మా నాన్న లక్ష్మీనరసింహారావు తోటలో కాయ కోసేవాళ్లు మారారు, ఏరేవాళ్లు మారారు. కట్టేది మాత్రం నేను పుట్టకముందు నుంచీ వీరయ్యే. వయసులో నాన్నకంటే పెద్ద. అయినా మా ఇంట్లో అందరం అతన్ని నువ్వంటాం, అతను మాత్రం నన్ను ఊయలలో ఉన్నప్పటి నుంచీ అండీ అంటున్నాడట. తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అలవాటు మార్చుకునేంత సిగ్గు నాకింకా వేయలేదు.

కట్టేటప్పుడు వీరయ్య కళ్లు సగం మూసుకుపోతాయి. చూసేవాళ్లకి నిలబడి నిద్రపోతున్నట్టే ఉంటుంది. ట్రేల మీద వరిగడ్డి పరిచి, తాడు అటు నుంచి ఇటు విసిరి, కొస కొక్కేనికి తగిలించి, మధ్యలో జానెడు కర్రముక్క దూర్చి మెలితిప్పుతాడు. ఒక మెలిక వేసి ఆగుతాడు. వేలితో తాడుని మీటి, తల పక్కకి వంచి వింటాడు. ఇంకో మెలిక వేసి మళ్లీ మీటుతాడు. తాడు ఇక చాలు అనే చోటు ఒకటుంటుందట. అది చేతికి కాదు, చెవికి తెలుస్తుందట. తాడు మాట్లాడుతుందంటాడు. పాతకాలపు కొబ్బరితాడు బాగా మాట్లాడేదట. నైలాన్ తాడు ముభావం మనిషట, రెండుసార్లు అడిగితేగానీ చెప్పదట.

చిన్నప్పుడు నేను ఆ ట్రేలకి చెవి ఆనించి పడుకునేదాన్ని. పచ్చికాయల వాసన, తొడిమల దగ్గర కారే సొన వాసన, ఎండిన గడ్డి వాసన. పైన ఆకుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడుతుండేది. ఎక్కడో లోపల తాడు గుంయ్‌మనేది. ఆ గుంయ్‌లోనే నిద్రపోయి, లేచేసరికి ఇంట్లో మంచం మీద ఉండేదాన్ని. మధ్యలో నన్ను ఎవరు మోసుకొచ్చారో నేనెప్పుడూ అడగలేదు.

లోడు కట్టడంలో ఈ పేరు అతనికి ఊరికే రాలేదు. పెళ్లైన ఏడాదే వీరయ్య కట్టిన లోడు ఒకటి విస్సన్నపేట మలుపులో జారిపోయింది. అప్పట్లో ట్రేలు లేవు, గంపలు. గంపలకి గంపలు రసాలు రోడ్డంతా దొర్లాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ ఏడాదంతా ఎవరి పంచె జారినా, ఎవరి జడ ఊడినా "వీరయ్య కట్టింది కాబోలు" అని ఊళ్లూళ్లూ నవ్వాయి. కొత్త పెళ్లికూతురు మంగమ్మ నీళ్లకి వెళ్లినా నవ్వేవారట. వీరయ్య ఎవరితోనూ పోట్లాడలేదు. మరుసటి సీజన్ నుంచి తాడులో కర్రముక్క దూర్చి మెలితిప్పడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ముప్పై నాలుగు సీజన్లు, అతను కట్టిన లోడు అంగుళం కదల్లేదు. వెక్కిరింతగా పుట్టిన మాట మెల్లగా మెచ్చుకోలుగా మారింది. ఇప్పుడు మా వైపు ఇచ్చిన మాట తప్పని మనిషిని కూడా 'వీరయ్య కట్టు' అంటారు.

మంగమ్మ మాత్రం ఆ కట్టు గురించి వేరే చెబుతుంది. "నిద్దట్లో దుప్పటి కొస పట్టుకుని ముడేస్తాడండి. పొద్దున్నే ఆ ముడి విప్పలేక నా గోళ్లు పోతన్నాయి" అని మా అందరినీ నవ్విస్తుంది. ఈ దుప్పటి సంగతి గుర్తుంచుకోవాలి, దీనితో పనుంది.

ఇక నా సంగతి. పేరు సుప్రజ. నూజివీడులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. కాలేజీకి వెళ్లేముందు, తెల్లవారుజామున సైకిల్ తొక్కుతాను. ముసునూరు నుంచి నూజివీడు, అక్కణ్ణుంచి రెడ్డిగూడెం వైపు, మళ్లీ వెనక్కి. పూత కాలంలో ఆ దారిలో వెళ్తుంటే ఎక్కడ వాసన ఆగి ఎక్కడ మంచు మొదలవుతుందో తెలియదు. తోటలు రెండు పక్కలా నల్లగా నిలబడి ఉంటాయి, వాటి మీదుగా ఆకాశం నెమ్మదిగా తెల్లబడుతుంది, చక్రాల కింద రోడ్డు ఉందో లేదో కూడా పట్టదు. ఆ గంటసేపు నేను ఎవరికీ కూతుర్ని కాదు, ఎవరికీ మేడమ్‌ని కాదు. ఆ గంట కోసమే మిగతా రోజుని భరిస్తానని చెబితే మా అమ్మ నాగేశ్వరమ్మకి కోపం వస్తుంది గానీ, అది నిజం.

ఈ సంగతి జరగడానికి రెండేళ్ల ముందు విజయవాడలో ఒక డాక్టరు గారి దగ్గర వాడిన కార్బన్ సైకిల్ కొన్నాను. బూడిద రంగు. రెండు వేళ్లతో ఎత్తొచ్చు. దాంతో అరకు నుంచి కొండ దిగాలని నా కోరిక. ఏటా మే నెలాఖర్లో విజయవాడ సైకిల్ మిత్రులు కొంతమంది కలిసి ఆ ఘాట్ రోడ్డు దిగుతారు. మొదటి ఏడాది జ్వరం, రెండో ఏడాది పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ. మూడో ఏడాది ఏం అడ్డొచ్చినా వెళ్లాలని ఒట్టు పెట్టుకున్నాను.

దానికి ముందు మే రెండో వారంలో విజయవాడలో వాళ్లతో కలిసి ఒక రోజు తొక్కాల్సి వచ్చింది. మా కాయలు ఎలాగూ విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కి వెళ్తున్నాయి కదా, సైకిల్ కూడా లోడు మీద వేసేయమన్నారు నాన్న. వీరయ్య దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఒకసారి పైకి కిందకి ఆడించి, నా మొహంలోకి అనుమానంగా చూశాడు. లోపల ఏమీ లేదేంటని అడిగాడు. ఏమీ లేదు, ఉత్త గొట్టమేనన్నాను. జీవితంలో అతను వందల సైకిళ్లు లోడు మీద కట్టాడు. అవన్నీ ఇనపవి, వాటి బరువే వాటిని సగం కట్టి ఉంచేది. ఇంత తేలిక బండిని గాలి ఎత్తుకుపోదా అని అతని భయం. అందుకని గీత పడకుండా గోనెపట్టా రెండు చుట్లు చుట్టి, దాని లోపల గడ్డి కుక్కి, సీటు ముందున్న పైగొట్టం మీదుగా తాడు వేసి, మామిడి లోడుకి వేసేదానికంటే రెండు మెలికలు ఎక్కువే వేశాడు. తేలికైనదాన్ని గట్టిగా కట్టాలని ఈ భూమ్మీద వీరయ్యకి తప్ప ఎవరికీ తోచదు. నేను పక్కనే నిలబడి, నా సైకిల్‌కి ఎంత మర్యాద జరుగుతోందో అని మురిసిపోయాను.

సైకిల్ అంగుళం కూడా కదలకుండా వెళ్లింది, అలాగే తిరిగొచ్చింది. ఇంటికొచ్చాక తుడుస్తుంటే పైగొట్టం పక్కన గోరంత గీత కనపడింది, వెంట్రుకంత సన్నగా. గోరు పెట్టి గీస్తే తగిలీ తగలనట్టు తగిలింది.

నూజివీడు బస్టాండు దగ్గర జోజిబాబుది సైకిల్ షాపు. మా మండలాల్లో గేర్ల సైకిల్ విప్పి మళ్లీ బిగించగలిగింది అతనొక్కడే. గీత చూసి అతను ముందు ఫ్యాన్ ఆపాడు, షట్టర్ సగం దించాడు, జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. గొట్టం పొడవునా బిళ్లతో కొడుతూ వెళ్లాడు. టింగ్ టింగ్ మని వెళ్లిన చప్పుడు గీత దగ్గర కొంచెం మందగించింది. కానీ సరిగ్గా ఆ పక్కనే బ్రేకు తీగ లోపలికి వెళ్లే చిల్లు ఉంది, అక్కడ చప్పుడు మామూలుగానే మారుతుంది. ఇనుమైతే తనకి భయం లేదన్నాడు జోజిబాబు. ఇనుము విరిగేముందు వంగుతుంది, సొట్ట పడుతుంది, మనకి టైమిస్తుంది. ఇది పొరలు పొరలుగా అంటించిన కార్బన్ గుడ్డ. పైకి అందంగానే ఉండి, లోపల పొరలు విడిపోయి, ఒక రోజు దిగుడులో ఉన్నట్టుండి రెండుగా విరిగిపోవచ్చు. కాదంటే ఇది ఉత్త రంగు పగులు కూడా కావచ్చు. హైదరాబాద్‌లో తెలిసిన షాపుకి ఫోటోలు పంపితే వాళ్లూ అదే అన్నారు, ఫ్రేమ్ పంపితే చూస్తామన్నారు. పంపితే నెల పడుతుంది. నా కొండ పది రోజుల్లో ఉంది.

"దీని మీద ఏదైనా బరువు పడిందా? ఎక్కడైనా నొక్కుకుందా? తొక్కేటప్పుడు ఏమన్నా చప్పుడొస్తోందా?" అని అడిగాడు జోజిబాబు.

లేదన్నాను. మూడింటికీ లేదన్నాను. మొదటి రెండూ నాకు నిజంగా తెలియవు. మూడోది అబద్ధం.

ముందు రోజు పొద్దున రెడ్డిగూడెం దారిలో చిన్న ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద నిలబడితే, కాళ్ల మధ్య ఎక్కడో కిచ్ మంది. మళ్లీ నిలబడ్డాను, మళ్లీ కిచ్ మంది. సీటు బోల్టు వదులై ఉంటుందనుకున్నాను. చప్పుడు దేంట్లోంచి ఎలా పుడుతుందో నలభైమంది పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషిని, సీటు మీద కూర్చోనప్పుడు సీటు చప్పుడు చేయదని ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా మర్యాద కోసమే. తోటల్లో మంచు తేలుతోంది, కోయిల కూస్తోంది, కొండ పది రోజుల్లో ఉంది. ఆ చప్పుడుని నేను అక్కడే దారిలో వదిలేసి వచ్చాను.

చెప్పి ఉంటే జోజిబాబు వద్దనేవాడు. చెప్పలేదు కాబట్టి, రంగు పగులే అయ్యుండొచ్చులే, జాగ్రత్తగా చూసుకుంటూ తొక్కండి అన్నాడు. నాకు కావలసిన మాట అంతే. దాన్ని ఇంటికి తెచ్చుకుని, రోజుకి నాలుగుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను.

ఈలోగా గీత సంగతి తోటలో తెలిసింది. వీరయ్య వచ్చి చూసిపోయాడు. ముట్టుకోలేదు. గీత చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని, తలొంచుకుని వెళ్లిపోయాడు. నా సైకిల్ మీద గీత పడ్డందుకు బాధపడుతున్నాడనుకుని, పర్లేదు వీరయ్యా, రంగే అని నేనే ధైర్యం చెప్పాను. నాలుగైదు రోజుల తర్వాత కాయలు ఏరుతూ మంగమ్మ ఎవరితోనో అంటోంది, ఈ మధ్య మా ఆయన దుప్పటి జోలికి పోవట్లేదు, కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తా పడుకుంటన్నాడు అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

విజయవాడ మీదుగా అరకుకి బయల్దేరే రోజు వచ్చింది. పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. డ్రైవరు విక్టర్ వ్యాన్‌ని షెడ్డు ముందు పెట్టాడు. ట్రేలు ఎక్కాయి. రెడ్డిగూడెం నుంచి కట్టడం నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు మనుషులు పక్కన నిలబడి చూస్తున్నారు. నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వీరయ్య సైకిల్‌ని లోడు మీదకి ఎత్తాడు, గోనెపట్టా చుట్టాడు, తాడు వేశాడు, కర్రముక్క చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ ఆగిపోయాడు.

మామిడాకులు కూడా కదలడం లేదు. అతని కళ్లు ఎప్పటిలా సగం మూసి లేవు, పూర్తిగా తెరిచి ఉన్నాయి. తర్వాత తాడు లాగేసి, గోనెపట్టా విప్పి, సైకిల్‌ని భుజాన వేసుకుని కిందకి దిగాడు. నా ముందుకొచ్చి నిలబెట్టాడు.

"నేను కట్టనండి."

ఏమైంది వీరయ్యా అన్నారు నాన్న.

"ఆ రోజు మెలితిప్పేటప్పుడు లోపల్నించి ఒక చప్పుడొచ్చిందండి. ఎండు పుల్ల విరిగినట్టు, టిక్ మని. తాడు చప్పుడనుకున్నాను." తల అడ్డంగా ఊపాడు. "అనుకోలేదండి. అలా అనుకుందామని చూశాను. తాడు మాట నాకు తెలవదా?"

నాకు కోపం నెత్తికెక్కింది. అసలే నాకు కోపం ఎక్కువ. రెండు వారాల నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నావా, ఇంతమంది తలలు బద్దలు కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావా అని అరిచాను. ఎందుకు చెప్పలేదని అడిగాను.

వీరయ్య రెడ్డిగూడెం మనుషుల వైపు ఒకసారి చూశాడు.

"మళ్లీ నవ్వుతారనండి."

ముప్పై నాలుగేళ్ల కిందటి రోడ్డు మీద దొర్లిన రసాలు ఆ ఒక్క మాటలో నాకు కనపడ్డాయి. నేను అప్పటికి పుట్టనేలేదు, అయినా కనపడ్డాయి. మెల్లగా అతనే మళ్లీ అన్నాడు. "నవ్వితే నవ్వనీయండి. కొండ దిగేది మీరు."

ఇంకా అరుద్దామని నోరు తెరిచాను. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాకూ ఒకటి వినపడింది, వీరయ్యా."

నాన్న కుర్చీలోంచి లేచారు. రెడ్డిగూడెం ఎత్తు, పెడల్ మీద నిలబడటం, కిచ్‌మన్న చప్పుడు, జోజిబాబుతో అబద్ధం, అన్నీ అక్కడే అందరి ముందూ చెప్పేశాను. నాకు ఏడుపొచ్చింది. భయానికి కాదు, వీరయ్య ముందు నిలబడటానికి మొహం చెల్లక. అతను దాచుకున్నది పరువు కోసం, దాన్ని పదిమంది ముందు తీసి కింద పడేశాడు. నేను దాచుకున్నది సరదా కోసం. పైగా అతను చెప్పకపోయి ఉంటే నేను చెప్పేదాన్ని కాదు. ఇది ఇప్పుడు రాస్తున్నా చెంపలు వేడెక్కుతున్నాయి.

వ్యాన్ కాయలతో మాత్రమే వెళ్లింది. నేను కొండ దిగలేదు.

మర్నాడు వీరయ్యని కూడా తీసుకుని జోజిబాబు దగ్గరికి వెళ్లాను. రెండు చప్పుళ్ల సంగతీ అతనికి చెప్పాం. "ఇవి మొదటి రోజే చెప్పి ఉంటే నేను రూపాయి బిళ్లతో భజన చేసే పని తప్పేది కదండీ" అన్నాడు. గొట్టం కోసి చూడమన్నాను. కోయకపోతే నాలో సగం మనిషి ఎప్పటికీ అది రంగు పగులేనని నమ్ముతూ ఉంటుంది, ఆ సగాన్ని నేను నమ్మను. అతను ముక్కుకి గుడ్డ కట్టుకుని, గొట్టం మీద తడిగుడ్డ వేసి, రంపంతో గీతకి అటూ ఇటూ కోశాడు. జానెడు ముక్క చేతిలోకి వచ్చింది. బయట గోరంత ఉన్న గీత లోపల గొట్టం చుట్టూ సగం దాకా పాకి ఉంది. పొరలు తడిసిన పుస్తకం కాగితాల్లా విడిపోయి ఉన్నాయి. జోజిబాబు బొటనవేలితో నొక్కితే ముక్క కిచ్ మంది. ఆ చప్పుడు నేను గుర్తుపట్టాను. వీరయ్య కూడా ఇంకోసారి నొక్కించుకుని విన్నాడు, తల పక్కకి వంచి, కళ్లు సగం మూసుకుని.

ఆ ముక్క తనకి ఇమ్మని అడిగి తీసుకున్నాడు. ఏ మూలో పారేస్తాడనుకున్నాను. ఆ సీజన్ మిగిలిన రోజులన్నీ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. ఏ తోటకి వెళ్లినా ముందు దాన్ని తీసి చూపించి, ఇది నేను విరిచిందే అని చెప్పి, అప్పుడు తాడు అందుకునేవాడట. కొంతమంది నవ్వారు. నవ్వినంతసేపూ అతను ఓపిగ్గా నిలబడి, నవ్వడం అయ్యాక, లోపల ఏమీ లేని సరుకుని మెలితిప్పకూడదు అని వాళ్లకి చూపించేవాడట. వానలు పడేలోపు మంగమ్మ మళ్లీ తన గోళ్ల గురించి మొర పెట్టుకోవడం మొదలుపెట్టింది. దుప్పటికి ముళ్లు పడుతున్నాయట.

తర్వాతి ఏడాది మళ్లీ కార్బన్ సైకిలే కొన్నాను. బుద్ధి రాలేదని అమ్మ అంది. మే నెలాఖర్లో మళ్లీ నా కొండ రోజు వచ్చింది, విక్టర్ వ్యాన్ తెచ్చాడు. కాయలు ఎక్కాయి. లోడు కట్టాక వీరయ్య సైకిల్ వైపు చూసి, తాడు పక్కన పెట్టేశాడు. తనే ట్రేలకీ డ్రైవరు క్యాబిన్‌కీ మధ్య ఉన్న కాస్త జాగాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుని, సైకిల్‌ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నాడు. ముప్పై అయిదు సీజన్లలో అతను వ్యాన్ ఎక్కి మార్కెట్ దాకా వెళ్లడం అదే మొదటిసారని విక్టర్ అన్నాడు. మెలిక వేయకుండా కట్టడం నేర్చుకోవచ్చు కదా అంటే, తాడుకి చెప్పొచ్చు గానీ నా చేతులకి చెప్పలేనండి, అలవాటు పడిపోయాయి అన్నాడు.

ముందు సీట్లో కూర్చుని నేను మాటిమాటికీ వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. తోటలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఎండ చెట్ల సందుల్లోంచి అతని మొహం మీద పడి పోతోంది, పడి పోతోంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. తల పక్కకి వంగి, చెవి పైగొట్టానికి ఆనుకుని ఉంది. నా చిన్నతనంలో ట్రేల మీద పడుకున్న నన్ను ఎవరు మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టేవారో నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

నున్నలో వ్యాన్ ఆగింది. నేను దిగి వెనక్కి వెళ్లి, నిద్రపోయావా వీరయ్యా అని అడిగాను.

"లేదండి. ఆగిరిపల్లి దాటాక ఒక చప్పుడు చేసింది. సీటు కింద. చిన్నదే. చెప్పేస్తన్నా."

నేను సంచిలోంచి పాన తీసి, సైకిల్‌ని అతని చేతుల్లోనే ఉంచి, వంగి చూశాను. సీటు బోల్టు నిజంగానే వదులైంది. అర చుట్టు తిప్పి బిగించాను. వీరయ్య బండిని ఒకసారి కుదిపి, విని, తలూపాడు.